బాపు కిర్రు చెప్పులు విడిచిన ఆదివారం

పోయిన ఆదివారం నల్గొండలో మేం వెళ్ళే ప్రార్థన గుడి మెట్ల దగ్గర, గోడ పట్టుకుని చెప్పులు విడవబోతుంటే, వచ్చినవారిని పలకరించడానికి వాకిట్లో నిలబెట్టిన కుర్రవాడొకడు గబగబా నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, మీరు విడవకుండ్రి. లోపల బండలు సల్లగున్నయి, మోకాళ్ళు పట్టుకుంటయి. మీరొక్కరు చెప్పులతోని వచ్చినా ఎవ్వరేమనరు" అన్నాడు. నా మేలు కోరే అన్నాడు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా నడుము దానంతట అదే నిటారుగా అయిపోయింది. ఈ వయసులో కూడా నేను కర్ర పట్టుకోను, బెంచీకి వీపు ఆనించను. మా ఇంట్లో పిల్లలకు అట్లా కూర్చోవడం నేర్పేవారు, ఇల్లు పోయినా ఆ కూర్చునే తీరు పోలేదు. వద్దు నాయనా అని వాడితో చెప్పి, చెప్పులు రెండూ విడిచి, చల్లటి బండల మీద నడిచి వెళ్ళి మూడో వరుసలో కూర్చున్నాను.

ఆ రోజు వాక్యం చెప్పింది కొత్తగా వచ్చిన చిన్న పాస్టరు. దేవుని సన్నిధిలో ఎలా మెలగాలన్నది ఆయన తీసుకున్న అంశం. ప్రార్థన నడుస్తుండగా మోగే ఫోన్ల గురించి, పాటలన్నీ అయిపోయాక తీరిగ్గా వచ్చేవారి గురించి, వెనక బెంచీల్లో చీరల ధరలు మాట్లాడుకునేవారి గురించి నవ్వుతూనే చురకలు వేశాడు. తరువాత గొంతు తగ్గించి ఒక కథ చెప్పాడు. పూర్వం మన జిల్లాలోనే ఒక పటేల్ ఉండేవాడట, దేవుని గుడిలోకి కూడా చెప్పులతో వచ్చేంత అహంకారి అట, ఒక ఆదివారం మనసు కరిగి, ఏడుస్తూ చెప్పులు విసిరేసి, తన ఇంటి జీతగాడి కొడుకైన పాస్టరు కాళ్ళ మీద పడ్డాడట. గుడి అంతా ఆమెన్ అన్నది. నా పక్కన కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకున్నది.

ఆ పటేల్ మా బాపు, నా కన్నతండ్రి. ఆయన ఏడవలేదు, ఎవరి కాళ్ళ మీదా పడలేదు, చెప్పులు విసిరేయనూ లేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను. చూసినవారు భక్తి అనుకుని ఉంటారు. అది సిగ్గు.

ఈతచాపల మీద కూర్చుని ఆరాధన చేసిన నా ఈడువారు ఇంకా కొందరైనా మిగిలి ఉంటారన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను. పిల్లలకు ఈ సంగతులు చెప్పినా అర్థం కావు, అర్థం కాకపోవడమే మంచిదేమో కూడా.

మాది రామన్నపేట దిక్కు ఊరు. మా తాత ఆ ఊరికి పటేల్. ఆయనకు కడుపులో గడ్డ లేచి, ఊరి వైద్యాలన్నీ అయిపోయి, ఇంటివాళ్ళు ఆశ వదులుకున్నాక, మిషన్ దవాఖానలో తెల్లదొర కత్తి పెట్టి బతికించాడు. తిరిగి వచ్చిన తాత బాప్తిస్మం తీసుకున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. ఆయనను బలవంతం చేయగలిగినవారు ఆ చుట్టుపక్కల లేరు. దాయాదులు పెళ్ళికీ చావుకూ పిలవడం మానేశారు, అవ్వ పుట్టింటివాళ్ళు మళ్ళీ మా గడప తొక్కలేదు, తాత లెక్కచేయలేదు. ఊరికీ, ఊరి బయట తోలుపని చేసే కుటుంబాల వాడకూ నడుమనున్న తన జాగా గుడి కట్టుకోవడానికి ఇచ్చాడు. ఆ వాడవాళ్ళు మాకంటే చాలా ముందే విశ్వాసులు. అట్లా ఊళ్ళో మా ఒక్క ఇల్లూ, వాడలో వాళ్ళందరూ ఒకే కప్పు కింద ఒకే దేవుణ్ణి కొలిచేవాళ్ళం. చెప్పుకోవడానికి ఎంతో బాగుంటుంది, చూసినవారికి మాత్రం తేడా గడపలోనే తెలిసిపోయేది.

ఆ రోజుల్లో గుడిలో మర్యాద అన్నది రెండు రకాలుగా ఉండేది. వాడవాళ్ళు చెప్పులు బయట విడిచి, తలరుమాళ్ళతోనే లోపలికి వచ్చేవారు. నెత్తిన గుడ్డ లేకుండా పెద్దల ముందుకు పోవడం మన దగ్గర తప్పు కదా. అప్పుడప్పుడు వచ్చే తెల్లదొర గడపలోనే టోపీ తీసి చంకలో పెట్టుకుని, బూట్లతోనే లోపలికి నడిచేవాడు. వాళ్ళ దేశంలో మర్యాద అది. వీళ్ళు పాదాలతో, ఆయన తలతో, ఎవరికి తెలిసిన పద్ధతిలో వాళ్ళు దేవునికి వంగేవారు. మా తాత, ఆయన తరువాత మా బాపు, రెండు పద్ధతుల్లోనూ తమకు సౌకర్యమైనదే తీసుకున్నారు. దొరను చూసి కాళ్ళ చెప్పులు ఉంచుకున్నారు, వాడవాళ్ళను చూసి తలరుమాలు ఉంచుకున్నారు. నెత్తి నుంచి పాదం దాకా ఏదీ విప్పకుండా దేవుని ముందు కూర్చున్నది ఆ గుడిలో మా ఇంటి మగవాళ్ళే. ఇందులో తప్పున్నదని మాకు ఎన్నడూ తోచలేదు. దొరకు తోచి ఉండవచ్చు, కాని జాగా మాది.

పైగా చెప్పులు విడవడమంటే మా ఇంట్లో అర్థం వేరు. వాడవాళ్ళు ఎవరైనా మా ప్రహరీ ముందు నుంచి పోవలసి వస్తే చెప్పులు విడిచి చేత పట్టుకుని నడిచేవారు, గోడ దాటాకే మళ్ళీ తొడుక్కునేవారు. ఆ కట్టుబాటు ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియదు. తాత బాప్తిస్మం తీసుకున్నాక విగ్రహాలు మానేశాడు, తాగుడు మానేశాడు, ఇంట్లో తిట్లు కూడా మానేశాడట. ఆ కట్టుబాటు మానిపించాలని ఆయనకు తట్టలేదు. నడి వేసవిలో కాలే దుమ్ములో అరికాళ్ళు ఎత్తెత్తి వేస్తూ, చంకలో చెప్పులతో మా వాకిలి దాటే ముసలివాళ్ళను నేను పిట్టగోడ మీద కూర్చుని చూసేదాన్ని. చూసి ఏమనుకునేదాన్నని అడిగితే, ఏమీ అనుకునేదాన్ని కాదు. పొద్దు పొడిచినంత సహజంగా ఉండేది నాకది. కాబట్టి బాపు దృష్టిలో చెప్పులు విడవడమంటే ఎవరి ముందు ఎవరు తక్కువో చూపించడం, అంతే. దేవుని ముందు ఎవరైనా తక్కువే అన్న మాట ఆయన ప్రతి ఆదివారం వినేవాడు, తల కూడా ఊపేవాడు.

బాపు చెప్పులు కుట్టేది ఆ వాడలోనే ఉండే సంఘం పెద్ద. తెల్లటి జుట్టు, పొడుగాటి ప్రార్థన, ఎప్పుడూ నోట ఒక పరాచికం. దళసరి అడుగు తోలుకూ, వేళ్ళనూ మడమనూ కప్పే పై తోలుకూ నడుమ ఏం పెట్టేవాడో, అడుగు తీసి అడుగు వేస్తే కిర్రు కిర్రుమని వీధి చివరిదాకా వినిపించేది. వాటిని ఆముదంలో నానబెట్టి మెత్తన చేసి, తన చెప్పులు చంకలో పెట్టుకుని, కొత్త జోడు రెండు చేతులా పట్టుకుని మా ఇంటికి తెచ్చేవాడు. తొడిగి చూసేటప్పుడు, "పటేలా, గీ జోడు సప్పుడు గుడి గంట కన్న ముందే దేవునికి ఇనవడ్తది, సూస్కో" అనేవాడు. బాపు మీసంలో నవ్వుకునేవాడు. అది నిజం కూడా. గంట కొట్టడం అయిపోయినా, బయట ఆ కిర్రుమనే చప్పుడు వినబడేదాకా మొదటి పాట ఎత్తేవారు కారు. బాపు లోపలికి వస్తుంటే చాపల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకునేవారు, ఆయన నడుమ నుంచి నడిచి వెళ్ళి ముందున్న తన చేతుల కుర్చీలో కూర్చునేవాడు. మా ఇంటి ఆడవాళ్ళు కూర్చోవడానికి పక్కన జంఖానా పరిచేవారు. ఆ ముసలాయనను నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ నువ్వు అనే పిలిచేదాన్ని, ఆయన నన్ను దొరసానీ అనేవాడు. ఎవరూ దిద్దలేదు.

తరువాత మా ఇల్లు చితికిపోయింది. రజాకార్ల గడబిడలో కొంతకాలం పట్నంలో కిరాయి ఇంట్లో తలదాచుకుని తిరిగి వచ్చేసరికి కొన్ని భూములు చేయిజారాయి, మిగిలినవాటి మీద దాయాదులు కోర్టుకెక్కారు, పటేల్‌గిరి కూడా వాళ్ళ చేతికే పోయింది. నేను పెద్ద బడికి వచ్చేనాటికి సవారి బండి ఉంది కాని దానికి ఎద్దులు లేవు, కొట్టంలో గొడ్లు లేవు, ఇంట్లో ఒక జీతగాడూ లేడు, పడమటి వైపు కప్పు కూలి ఆకాశం కనబడేది. గుట్ట కింద బావికి ఆనుకుని ఒక్క చిన్న పొలం మాత్రం మిగిలింది. దాన్ని ఎవరో పాలుకు చేస్తున్నారని నేను అనుకునేదాన్ని. బాపు తెల్లవారకముందే, గాలికి తిరిగొస్తానని ఉత్త కాళ్ళతో వెళ్ళి, పొద్దెక్కాక పెరటి దర్వాజ నుంచి వచ్చి, బావి దగ్గర చాలాసేపు కాళ్ళు కడుక్కునేవాడు. ఆదివారం మాత్రం అదే తలరుమాలు, అదే కిర్రు చప్పుడు. మనిషి చిక్కినా ఆ చప్పుడు చిక్కలేదు.

అటువంటి కాలంలో తెల్లదొరల రాకపోకలు తగ్గిపోయి, మా గుడికి మన ప్రాంతపు పాస్టరు వచ్చాడు. ఆయన ఎవరో కాదు, మా ఇంట్లో జన్మంతా మోట తోలి, మా వరిపొలాల బురదలోనే ముసలివాడైన జీతగాడి కొడుకు. మహబూబ్‌నగర్‌లో మిషన్ బోర్డింగులో ఉండి చదువుకున్నాడు. సంఘమంతా ఆయనను అయ్యగారూ అనేది. మా ఇంట్లో ఆయన వెనుక 'వాడు', ఎదుటపడితే 'ఏమోయ్'. అయ్యగారూ అన్నా, ఏమోయ్ అన్నా ఆయన నెమ్మదిగానే పలికేవాడు. వచ్చిన కొన్ని నెలలకు ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, మండే పొదలో నుంచి దేవుడు పిలిస్తే ప్రవక్త చెప్పులు విడిచిన ఆ పాతనిబంధన కథ చెప్పి, ఇకమీదట పాస్టరైనా, తెల్లదొరైనా, ఊరి పెద్దలైనా చెప్పులు బయటే అన్నాడు. నెత్తి గుడ్డ ఎవరిష్టం వారిది అని కూడా అన్నాడు. చెబుతున్నంతసేపు ఎవరివైపూ చూడలేదు. ఆయన బూట్లు అప్పటికే గడప బయట ఉన్నాయి.

ఆ సాయంత్రం సంఘం పెద్ద భయపడి పాస్టరు దగ్గరికి పరుగెత్తాడట. "ఆ చెప్పులు కుట్టినోన్ని నేను. ఇడిపించేటి పని నెత్తికెత్తుకుంటివి నువ్వు. పటేల్ కోపం నీకెరుక లేదు అయ్యగారూ" అన్నాడట. "ఎరుక లేకేం పెద్దయ్యా, ఆ కోపం తినే పెరిగిన గద" అన్నాడట పాస్టరు. ఈ మాటలు వాడంతా తిరిగి మా అమ్మ చెవిదాకా వచ్చాయి.

బాపు గుడికి రావడం మానేశాడు. జాగా ఇచ్చినోళ్ళనే వాకిట్ల నిలవెడ్తడా అని ఒక్కమాట అన్నాడు, అంతే. నేనూ అమ్మా వెళ్ళేవాళ్ళం. ముందు వరుసలో ఆ చేతుల కుర్చీ ఖాళీగా ఉండేది. దాన్ని ఎవరూ తీయలేదు, ఎవరూ కూర్చోలేదు. దానికి ఆనుకున్న పిల్లలను తల్లులు గిల్లి లాక్కునేవారు. సంఘమంతా ఆ ఖాళీ కుర్చీ వీపు చూస్తూ పాటలు పాడేది. ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద కూర్చుని, చెప్పులు తొడుక్కునే, వాక్యం పైకి చదువుతూ ఉండేవాడు. ఎన్నడూ ఎదురు మాట్లాడని మా అమ్మ ఒకనాడు దర్వాజ చాటున నిలబడి, "సదివేటిదేమో దేవుని మాట, ఇనేటిదేమో మీ మాట. గిదేం ఆరాధన?" అన్నది. బాపు పుస్తకం మూసి లోపలికి పోయాడు.

ఇంతలో నేను మొదటిసారి ప్రభువు బల్లకు చేరి రొట్టె తీసుకోవలసిన సమయం వచ్చింది. మా సంఘంలో దానికొక పద్ధతి ఉండేది. బల్లకు చేరే పిల్ల ముందు నిలబడితే, తండ్రి వచ్చి నెత్తిన కుడిచేయి పెట్టి, ఈ బిడ్డను దేవునికి అప్పగిస్తున్నానని సంఘం వినేటట్టు చెప్పాలి. అప్పుడే రొట్టె ఇస్తారు. తండ్రి లేకపోతే మేనమామ, ఆయనా లేకపోతే సంఘం పెద్ద. నా మేనమామలు మా ఊరి పొలిమేర తొక్కి ఎన్నేళ్ళయిందో. పాస్టరు ఇంటి అరుగు మీద పాఠాలు చెప్పించుకుంటున్న మా అయిదుగురిలో నేనొక్కదాన్నే ఊరి పిల్లను; మిగతావాళ్ళు వాడ పిల్లలు, అందరికీ తండ్రులు ఉన్నారు. ఒకనాడు పాఠం అయ్యాక సంఘం పెద్ద నా ముఖం చూసి, "ఫికర్ జేయకు దొరసానీ. పటేల్ రాకుంటే నేను సచ్చిపోయిన్నా? నా చెయ్యి పెడ్త. తోలు వాసనొస్తదేమో, జర ఊపిరి వట్టుకో" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. బాపు రానందుకు ఏడుస్తున్నానని అమ్మ అనుకున్నది. ఆ చెయ్యి నా నెత్తిన పెడతాడట, అందరిముందూ, అని నేను పైకే అన్నాను. బాపు అరుగు మీదే ఉన్నాడు. దగ్గు వినిపించింది. ఆ మాట ఆయన చెవిన పడింది. శనివారం సాయంత్రం ఆయన పాత కిర్రు చెప్పులు బయటికి తీసి వాటికి ఆముదం రాయడం చూశాను. అమ్మ ముఖం వెలిగిపోయింది, తన ప్రార్థన ఫలించిందని. నాకు మాత్రం తెలుసు, ఆయనను కదిలించింది ఏ మాటో.

ఆ ఆదివారం తెల్లచీర కట్టుకుని బల్ల ముందు వరుసలో చివర నిలబడ్డాను. గంట అయిపోయింది, పాటలు అయిపోయాయి, చప్పుడు వినబడలేదు. ఒక్కొక్క తండ్రీ లేచి వచ్చి తన బిడ్డ నెత్తిన చేయి పెట్టి చెప్పి వెళ్ళాడు. నా వంతు వచ్చింది. పాస్టరు వాకిలి వైపు చూశాడు. సంఘం పెద్ద మెల్లగా లేచి నా పక్కకు వచ్చాడు. ఆయన దగ్గర తోలు వాసన లేదు. కుంకుడుకాయ వాసన వచ్చింది. నా కోసం ఆ చేతులు ఎంతసేపు రుద్దుకున్నాడో. చెయ్యి పైకెత్తాడు. సరిగ్గా అప్పుడు బయట నుంచి కిర్రుమన్నది.

ఎత్తిన చెయ్యి దించి ఆయన గోడ దాకా వెనక్కి తగ్గాడు. చాపల మీద వాళ్ళు అలవాటు కొద్దీ కాళ్ళు ముడుచుకున్నారు. చప్పుడు గడప దాకా వచ్చి ఆగింది. నేను తిరిగి చూశాను. బాపు దర్వాజలో నిలబడి పాస్టరును చూస్తున్నాడు, పాస్టరు బాపును చూస్తున్నాడు. బాపు వంగి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఒక చెప్పు విడిచాడు, రెండోది విడిచాడు, గచ్చు మీదికి వచ్చాడు. వాకిట్లో నుంచి వెలుగు నేరుగా ఆయన పాదాల మీద పడింది.

మడమలు ఎండిన చెరువు నేలలా పగిలి ఉన్నాయి. వేళ్ళ సందులు బురదకు పాసి తెల్లబడి, గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని నల్లరేగడి ఇంకి ఉంది. అటువంటి పాదాలు ఆ గుడిలో అందరికీ ఉన్నాయి, అందుకే అందరికీ అవి ఏ పాదాలో తెలిసింది. గుట్ట కింద పొలం ఎవరికీ పాలుకు ఇవ్వలేదని, పటేలే తెల్లవారకముందు ఒంటరిగా మడిలో దిగుతున్నాడని, ఆ చెప్పులు ఇన్నాళ్ళూ దేనిని దాచుతున్నాయో, నాకూ సంఘానికీ ఒక్క క్షణంలోనే తెలిసింది. అమ్మ కొంగు నోట్లో పెట్టుకున్నది. ఆమెకు ముందే తెలుసు.

పాస్టరు ఆ పాదాలు చూశాడు. ఆయన తండ్రి మా మడుల్లో తిరిగి తిరిగి తెచ్చుకున్న పాదాలు కూడా అవే కదా. "పటేల్ గారూ, మీరు తొడుక్కోండ్రి. పర్వలేదు, మీరు చెప్పులతోనే రాండ్రి" అన్నాడు.

జన్మంతా ఎవరి అనుమతీ అడగకుండా తీసుకున్నదాన్ని ఇప్పుడు జాలిపడి ఇస్తున్నారు. బాపు నడుము నిటారుగా అయింది. ఒక్క క్షణం వెనుదిరిగి వెళ్ళిపోతాడనుకున్నాను.

"వద్దు అయ్యగారూ. అందరు ఎట్లొస్తే నేను గూడ గట్లనే వస్త" అన్నాడు.

ఆయన నోట అయ్యగారూ అన్న మాట వినడం అదే మొదలు. చాపల నడుమ నుంచి చప్పుడు లేకుండా నడిచి వచ్చి నా నెత్తిన చేయి పెట్టాడు. ఆ చేయి గరుకుగా ఉంది. పగుళ్ళలో నా వెంట్రుకలు చిక్కుకున్నాయి. కళ్ళు మూసుకుని ఉంటే అది ఎవరి చెయ్యో నేను చెప్పగలిగేదాన్ని కాను. అప్పగిస్తున్నానన్న మాట చెప్పాడు, నేను రొట్టె తీసుకున్నాను. ఆ క్షణంలో దేవుడు గుర్తుకు వచ్చాడని చెబితే అబద్ధమవుతుంది. వాడంతా మా బాపు పాదాలు చూసిందన్న సిగ్గు ఒక్కటే నా ఒళ్ళంతా నిండి ఉంది.

బయటికి వచ్చాక ఆయన చెప్పులు తీసుకున్నాడు కాని తొడుక్కోలేదు. చేత పట్టుకుని నడిచాడు. మేం వెనుక నడిచాం. ఆ రోజు గుడి దగ్గర పిల్లలకు పాయసం వండుతున్నారు. బెల్లం కోసం ఊళ్ళో దుకాణానికి బయలుదేరిన సంఘం పెద్ద కూడా మా వెనుకే వచ్చాడు. మా ప్రహరీ మొదలయ్యే చోట ఆయన ఎప్పటిలాగే చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. బాపు ఆగి వెనక్కి చూశాడు. మా వాకిటి ముందు, ఊరు చూస్తుండగా, ఇద్దరు మనుషులు చేతుల్లో చెప్పులతో నిలబడ్డారు. రెండు జోళ్ళూ కుట్టింది ఒక్క చెయ్యే.

"తొడుక్కో పటేలా. నలుగురు సూస్తున్నరు" అన్నాడు ముసలాయన, బతిమాలుతున్నట్టు.

"నువ్వు తొడుక్కో ముందుగాల" అన్నాడు బాపు.

"నాదేముంది, నాకు అలవాటే" అని నవ్వబోయి ఆగిపోయాడు. ఎవరూ తొడుక్కోలేదు. తరువాత బాపు ఉత్త కాళ్ళతో మా ఇంట్లోకి, ఆయన ఉత్త కాళ్ళతో దుకాణం వైపు వెళ్ళిపోయారు.

ఆ రోజు నేను బాపును చూసి సిగ్గుపడ్డాను. తరువాత ఏళ్ళ మీద ఏళ్ళు గడిచే కొద్దీ ఆ సిగ్గు ఒకచోటి నుంచి ఇంకొకచోటికి జరుగుతూ వచ్చింది. ఆ సంగతి నోటినోటా పాకి, సభల్లో సాక్ష్యమైంది. ఎక్కడికి వెళ్ళినా, చెప్పులు విడిచిన పటేల్ బిడ్డ ఈమేనట అని నన్ను చూపించేవారు, నేను నడుము నిటారుగా పెట్టుకుని కూర్చునేదాన్ని. పోయిన పటేల్‌గిరి మాకు అట్లా ఇంకో తోవన తిరిగి వచ్చింది. పుట్టినప్పటి నుంచీ ప్రతి ఆదివారం మాట్లాడకుండా చెప్పులు విడిచి లోపలికి వచ్చిన వాడవాళ్ళ మీద ఎవరూ ఏ కథా చెప్పలేదు. మా బాపు ఒక్కరోజు చేసినందుకు ఇన్నేళ్ళ పొగడ్త. అదీ, నిజానికి ఆయన వచ్చింది దేవుని కోసమో, నా నెత్తి మీద ఇంకొకరి చెయ్యి పడకుండా అడ్డుకోవడానికో నాకు తెలిసినంత ఆ పొగిడినవాళ్ళకు తెలియదు. ఆయనను నేను అడగలేదు. పాస్టరును మాత్రం పోయేదాకా అయ్యగారూ అనే పిలిచాడు, ఆ కుర్చీలో ఉత్త కాళ్ళతోనే కూర్చున్నాడు, తలరుమాలు చివరిదాకా తీయలేదు.

మా వాకిటి కట్టుబాటు సంగతి ఆ తరువాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇకమీదట విడవకండని వాడకు కబురు పంపడానికి ఒక్క మాట చాలు. బాపు పంపలేదు, ఆయన తరువాత ఆ ఇంటికి వారసురాలినైన నేనూ పంపలేదు. ఒక వానాకాలం ప్రహరీ కూలిపోయింది. అయినా ఆ ముసలాయన, ఒకప్పుడు గోడ మొదలైన చోటు గుర్తుపెట్టుకుని, అక్కడ వంగి చెప్పులు విడిచేవాడని, బతికినన్నాళ్ళూ విడిచాడని మా అమ్మ చెప్పేది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నేను మెల్లగా బయటికి వస్తే మెట్ల కింద చెప్పుల కుప్ప. అన్నీ బజారులో కొన్నవే, అన్నీ ఒకలాంటివే, ఏవి ఎవరివో, ఎవరు కుట్టారో చెప్పడానికి లేదు. నేను నావి వెతుక్కుంటుంటే ఆ చిన్న పాస్టరు వచ్చాడు. తాను చెప్పిన కథ నా ఇంటిదని ఎవరో అప్పుడే చెప్పారట, చాలా సంతోషపడుతూ, వచ్చే వారం సాక్ష్యం చెప్పాలమ్మా అన్నాడు. ఆయన చెప్పినట్టు జరగలేదని చెప్పాలనుకున్నాను. అంత జనంలో నోరు పెగల్లేదు, అందుకే ఈ రాయడం. ఆయన నా మౌనాన్ని వృద్ధాప్యం అనుకున్నాడో ఏమో, ప్రార్థన చేయనా అమ్మమ్మా అని అడిగి, నా జవాబు కోసం చూడకుండానే నెత్తిన చేయి పెట్టాడు.

మెత్తటి చేయి, సబ్బు వాసన. అతడు ఏ ఊరివాడో, ఏ వాడవాడో, ఎవరి మనుమడో నాకు తెలియదు. మా కాలంలో అయితే ఆ చెయ్యి నెత్తి దాకా రాకముందే అవన్నీ తెలిసి ఉండేవి. నేను అడగలేదు. ఇన్నేళ్ళూ వంచని నడుము వంచి, కుంకుడుకాయతో కడుక్కుని నా కోసం పైకి లేచి, నా నెత్తిని తాకకుండానే దిగిపోయిన ఆ ముసలి చేతిని తలుచుకుంటూ, చల్లటి బండ మీద ఉత్త కాళ్ళతో అతని ప్రార్థన అయ్యేదాకా నిలబడ్డాను.